పాత ఆర్‌ఎక్స్100 మట్టి బండి: ముందు ఫోర్కు గట్టిపడింది, అయినా అడుగు కొడుతోంది

కొండపల్లి_టూస్ట్రోకు
అందరికీ నమస్తే. బండి 1993 మోడల్ ఆర్‌ఎక్స్100. రోడ్డు మీద తిరిగేది కాదు. వెడల్పు హ్యాండిల్, గుబ్బల టైర్లు, ఎత్తిన మడ్‌గార్డు వేసి కొండపల్లి వైపు గుట్ట బాటల్లో, ఇబ్రహీంపట్నం దగ్గర ఏటి ఇసుకలో నడిపే బండి. ముందు ఫోర్కుతో వేగలేకపోతున్నాను.

ఫోర్కు ఎడమ కాలు ఆయిల్ కారుతోంది. ఆరు నెలల్లో రెండుసార్లు సీళ్ళు మార్చారు, రెండుసార్లూ ఎడమదే మళ్ళీ కారింది. మొదట్లో ఫోర్కు మరీ మెత్తగా ఉండి, గుంటలో దిగితే చివరిదాకా కుంగిపోయి టంగుమని అడుగు కొట్టేది. అందుకని మెకానిక్ పాత ఆయిల్ పారబోసి 20డబ్ల్యూ-50 ఇంజన్ ఆయిల్ పోశాడు. అప్పట్నుంచి చిన్న గులకరాయి ఎక్కినా చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. పోనీ అడుగు కొట్టడమైనా ఆగిందా అంటే అదీ లేదు. వరసగా నాలుగైదు గతుకులొస్తే మళ్ళీ అదే టంగు.

గట్టిగానూ ఉండి, అడుగూ కొట్టడం ఎలా కుదురుతుంది? స్ప్రింగు రెండు చుట్లు కోయమని ఒకరు, ఇంకా చిక్కటి ఆయిల్ పోయమని ఇంకొకరు అంటున్నారు. నా బరువు 78 కిలోలు, హెల్మెట్టూ బూట్లూ కలిపి 84.

డీటీ_పాతకాపు
కుదురుతుందండీ, చిక్కటి ఆయిల్ వల్లే కుదురుతుంది.

మీ ఫోర్కులో ఉన్నది డంపర్ రాడ్. 80ల మధ్య వరకు మోటోక్రాస్ బళ్ళలో కూడా ఎక్కువగా ఇదే పద్ధతి. ఇందులో కవాటాలంటూ పెద్దగా ఏమీ ఉండవు, ఆయిల్ దూరే చిల్లులంతే. రాడ్డు కింది భాగంలో పెద్ద చిల్లులుంటాయి, ఫోర్కు దిగేటప్పుడు ఆయిల్ వాటిలోంచి పోతుంది. పై భాగంలో ఒకటో రెండో సన్న చిల్లులుంటాయి, అవి లేచేటప్పటికి. చిల్లులోంచి ఆయిల్ దూరేటప్పుడు పుట్టే అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే ఫోర్కు రెండింతల వేగంతో దిగితే అడ్డు నాలుగింతలు. బ్రేకు వేస్తే ముందుకు వాలే నెమ్మది కదలికకు దాదాపు అడ్డే ఉండదు, అంచు పదునుగా ఉన్న రాయి తగిలితే మాత్రం ఒక్కసారిగా గోడ కట్టినట్టవుతుంది. ఈ ఫోర్కు పుట్టుకే అంత.

ఇప్పుడు అందులో 20డబ్ల్యూ-50 పోశారు. 40 డిగ్రీల దగ్గర ఇంజన్ ఆయిల్ చిక్కదనం 150 సెంటీస్టోకులు దాటుతుంది. మామూలు 10డబ్ల్యూ ఫోర్కు ఆయిల్ 30 నుంచి 40 మధ్య ఉంటుంది. అంటే నాలుగింతలు చిక్కన. అది కింది పెద్ద చిల్లుల్లోంచే తొందరగా పోలేదు, అందుకే గులకరాయికి కూడా చేతుల్లో కొడుతోంది. పై సన్న చిల్లుల దగ్గర సంగతి ఇంకా అన్యాయం. మొదటి గతుక్కి ఫోర్కు 60 మి.మీ. దిగిందనుకోండి, రెండో గతుకు వచ్చేలోపు 20 మాత్రమే లేస్తుంది. మూడో గతుక్కి ఇంకాస్త కిందే ఉండిపోతుంది. నాలుగో గతుకు వచ్చేసరికి దిగడానికి చోటే మిగలదు, టంగుమంటుంది. మెత్తదనం వల్ల కొట్టిన అడుగు కాదిది, లేవలేక కొట్టిన అడుగు. ఇంకా చిక్కటిది పోస్తే మూడో గతుక్కే కొడుతుంది.

ఒక వరస పెట్టుకోండి, దాన్ని తప్పకండి. ముందు పైపులు పట్టు లేకుండా జారాలి. తర్వాత స్ప్రింగు, ప్రీలోడు (మూత బిగించగానే స్ప్రింగు ఎంత నొక్కుకుంటుందో అది). ఆ తర్వాత ఆయిల్ మట్టం. చిక్కదనం అన్నిటికంటే చివర. మన దగ్గర అందరూ చివరిదానితో మొదలుపెడతారు, ఎందుకంటే ఫోర్కు విప్పకుండా చేయడానికి అదే సులువు.

స్ప్రింగు సంగతి చెప్పాలంటే కొలతలు కావాలి. ఫోర్కు విప్పకముందే పైపుకు జిప్ టై కట్టి మూడు పొడవులు తీసుకోండి: చక్రం గాల్లో ఉన్నప్పుడు, బండి తన బరువుతో నిలబడ్డప్పుడు, మీరు పూర్తి సరంజామాతో ఎక్కి కూర్చున్నప్పుడు. ప్రతి కొలతా రెండుసార్లు. ఒకసారి ఫోర్కును కిందికి నొక్కి మెల్లగా వదిలి, ఇంకోసారి పైకి లాగి మెల్లగా వదిలి. రెంటి సగటే మీ కొలత. ఆ రెంటి మధ్య తేడా 15 మి.మీ. దాటితే పైపులు ఎక్కడో పట్టేస్తున్నాయని అర్థం.

లేత్_బాబాయ్
ఎడమ సీలు విషయం నేను చెబుతా. ఒకే కాలు రెండుసార్లు కారిందంటే తప్పు సీలుది కాదు నాయనా, పైపుది. సీలు మారుస్తూ పోతే సీళ్ళ కొట్టువాడు బాగుపడతాడు.

పైపు బయటికి తీసి, కిరసనాయిలుతో కడిగి, ఆరాక పొడి దూది ఉండతో పైనుంచి కిందికి తుడువు. దూది పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ తుప్పు గుంట ఉన్నట్టు. కంటికి కనపడని గుంటను కూడా దూది పట్టిస్తుంది. ఆ చోటు సీలు తిరిగే పరిధిలో ఉందా పైన ఉందా చూసుకో. పైన, టీ (హ్యాండిల్ కింద రెండు పైపులనూ కలిపి పట్టే ముక్క) దగ్గర ఉన్న గుంటలతో నష్టం లేదు. సీలు తిరిగే చోట ఆవగింజలో సగమంత గుంట ఉన్నా అది ప్రతిసారీ సీలు పెదవిని గీస్తుంది.

ఒకటి రెండు చిన్న గుంటలైతే చుట్టూ పైకి లేచిన అంచును సన్న నూనెరాయితో చదును చేసి, థిన్నర్‌తో తుడిచి, రెండు పాళ్ళ ఎపాక్సీ నింపి, ఒక రోజు ఆరనిచ్చి, 1000 తర్వాత 2000 నంబరు వాటర్ పేపరు తడిపి రుద్దు. రుద్దడం పైపు చుట్టూ అడ్డంగా, నిలువుగా కాదు. నిలువు గీతలు ఆయిల్‌కు కాలవల్లాంటివి.

గుంటలు దట్టంగా ఉంటే హార్డ్ క్రోమే గతి. సైలెన్సర్లకూ హ్యాండిళ్ళకూ వేసే మెరుపు క్రోము వేయించావో, డబ్బు కృష్ణలో పోసినట్టే. అది పలచన, పైగా గ్రైండింగ్ చేయరు. పాత క్రోము తీసి, పైపును తగ్గించి గ్రైండ్ చేసి, కొలత కంటే కాస్త ఎక్కువ క్రోము ఎక్కించి, మళ్ళీ అసలు కొలతకు గ్రైండ్ చేయాలి. ఇచ్చేముందు టీ లోపల ఉండే అరగని చోట మైక్రోమీటరు పెట్టి అసలు వ్యాసం రాసుకుని, ఆ కాగితం పనివాడి చేతికివ్వు. "స్టాండర్డ్ సైజు చేసేయండి" అని వదిలేసి రావద్దు.

అడుగున అలెన్ బోల్టు విప్పేటప్పుడు డంపర్ రాడ్డు దాంతోపాటే తిరుగుతుంది, సగంమంది అక్కడే ఆగిపోతారు. చిట్కా ఏమిటంటే పై మూత, స్ప్రింగు తీయకముందే, ఆయిల్ ఒంపకముందే ఆ బోల్టును వదులు చెయ్యి. స్ప్రింగు ఒత్తిడి రాడ్డును పట్టి ఉంచుతుంది. అప్పటికే స్ప్రింగు తీసేసుంటే చీపురు కర్ర కొస కోసుగా చెక్కి పైపులోంచి దింపి, రాడ్డు తల మీద గట్టిగా నొక్కి పట్టుకో. బోల్టు కింద రాగి వాషరు మళ్ళీ వాడొద్దు. చాలాసార్లు "సీలు కారుతోంది" అని వచ్చే బండికి కారేది అక్కడే. నేరం మాత్రం సీలు మీద పడుతుంది.

లోపలి సామాన్లు బయటికొచ్చిన వరసలోనే పాత పేపరు మీద పేర్చు. డంపర్ రాడ్డు తల మీద ఒక రింగు, దాని కింద చిన్న స్ప్రింగు ఉంటాయి. రింగు అరిగితే లేచేటప్పుడు అడ్డు ఉండదు. చిన్న స్ప్రింగు లేకపోతే చక్రం గాల్లోకి లేచినప్పుడల్లా పైన టక్కుమంటుంది. రాడ్డు కింది కొసకు శంకువు ఆకారంలో ఒక ముక్క కూర్చుంటుంది, ఫోర్కు చివరిదాకా దిగినప్పుడు ఆయిల్‌ను బంధించి మెత్తగా ఆపేది అదే. పాతవి విప్పినప్పుడు ఈ ముక్క ఫోర్కు బాటమ్ (పైపు జారే కింది గొట్టం) లోపలే అంటుకుపోయి చాలామందికి కనపడదు, మురికితో కలిపి పారబోస్తారు. నీకు వినపడేది మెత్తటి "ధబ్" కాకుండా ఇనుము మీద ఇనుము "టంగ్" అయితే ముందు ఆ ముక్క ఉందో లేదో చూడు.

సత్తెనపల్లి_రోడ్
ఇంత బాధ ఎందుకన్నా, ఏదైనా కొత్త 150 సీసీ బండి ఫోర్కు, టీ, డిస్కుతో సహా సెకండ్ హ్యాండులో వస్తుంది. ఎక్కించేయ్.

డీటీ_పాతకాపు
ఎక్కించొచ్చు తమ్ముడూ. స్టీరింగ్ కాండం పొడవు, కోన్‌సెట్ కొలత, టీలో కాండానికీ పైపులకూ మధ్య దూరం, చక్రం ఇరుసు, స్పీడోమీటర్ కేబులు, అన్నీ మార్చుకున్నాక అప్పుడు మళ్ళీ శాగ్ (బరువుకు ఫోర్కు కుంగేది) కొలవాల్సిందే. ఆ ఫోర్కు దాని సొంత బండి బరువుకు తయారైంది, ఆర్‌ఎక్స్ బరువుకు కాదు. లోపల మాత్రం ఇదే డంపర్ రాడ్డు.

కొండపల్లి_టూస్ట్రోకు
బాబాయ్, దూది చిక్కింది! ఎడమ పైపు మీద, సీలుకు సుమారు నాలుగు వేళ్ళ పైన, వెనక వైపు మూడు గుంటలు. కంటికైతే నల్లచుక్కల్లా ఉన్నాయి. శంకువు ముక్కలు రెండూ ఉన్నాయి, ఎడమది బాటమ్ లోపలే అంటుకుని ఉంది.

కొలతలు ఇవి. స్ప్రింగు తీసి చూస్తే ఫోర్కు మొత్తం ప్రయాణం 110 మి.మీ. బండి తన బరువుకు కుంగింది 24. నేనెక్కితే 52. నొక్కి వదిలినదానికీ లాగి వదిలినదానికీ తేడా 22 మి.మీ. వచ్చింది. ఆ చిక్కటి ఆయిల్ వల్లేమో తెలీదు.

స్ప్రింగు: తీగ మందం 3.8 మి.మీ., బయటి వ్యాసం 23.4, పొడవు 390. పనిచేసే చుట్లు 48 లెక్కపెట్టాను. మూత బిగిస్తే స్ప్రింగు 10 మి.మీ. నొక్కుకుంటోంది. పైపు లోపలి వ్యాసం 24.

డీటీ_పాతకాపు
22 మి.మీ. తేడా చిక్కటి ఆయిల్ వల్ల కాదు. ఆయిల్ లేవడాన్ని ఆలస్యం చేస్తుందిగానీ ఆపదు. అరనిమిషం ఆగి కొలిచినా తేడా అంతే ఉందంటే అది రాపిడి. పైపులు సమాంతరంగా లేవు, లేకపోతే ఒకటి వంగింది.

లేత్_బాబాయ్
రెండు పైపులనూ పక్కపక్కన ఆనించి కిటికీ అద్దం మీద దొర్లించు. మధ్యలో వెలుతురు సందు కనపడుతూ మాయమవుతూ ఉంటే వంగినట్టు. ఎంత వంగిందో తెలియాలంటే వీ-బ్లాకుల మీద పెట్టి డయల్ గేజీ తాకించి తిప్పాలి. గేజీ ముల్లు చూపే మొత్తం తేడాలో సగమే వంపు. ముల్లు 0.2 మి.మీ. లోపల తిరిగితే వాడుకో. రెండు మూడు మి.మీ. వరకూ హైడ్రాలిక్ ప్రెస్సు మీద తీయొచ్చు. టీ కింద మడత పడినట్టు గీత కనిపిస్తే మాత్రం ఆ పైపు ఇనపసామాన్ల కొట్టుకు. మడత తీసినా మళ్ళీ అక్కడే లొంగుతుంది.

పైపులు బాగుంటే టీ చూడాలి. స్ప్రింగులు, బాటమ్‌లు లేకుండా ఉత్త పైపులు రెండూ టీలో బిగించి, రెంటి మీదా పడేట్టు అద్దం ముక్క ఆనించు. నాలుగు మూలలా ఆనకుండా ఒక మూల టకటకమంటే టీ మెలి తిరిగింది. పడ్డ బండికి ఇది మామూలే. టీ బోల్టులు వదులు చేసి హ్యాండిల్ పట్టి సరిచేస్తే చాలాసార్లు కుదురుతుంది, కుదరకపోతే ప్రెస్సు.

చివరి పరీక్ష ఇరుసుతో. చక్రం లేకుండా ఇరుసును ఒక బాటమ్‌లోంచి రెండో దాంట్లోకి వేళ్ళతోనే దూర్చు. సుత్తి అవసరమైతే ఎక్కడో తేడా ఉంది. బిగించేటప్పుడు కూడా ముందు ఇరుసు నట్టు, తర్వాత బ్రేకు పట్టి ఫోర్కును నాలుగైదుసార్లు కుంగదీయి, ఆ తర్వాతే కింది టీ, పై టీ, మడ్‌గార్డు బోల్టులు. మడ్‌గార్డు బ్రాకెట్టు వంకరగా ఉంటే అదొక్కటే రెండు బాటమ్‌లనూ లోపలికి లాగి పట్టేస్తుంది. ఎత్తిన మడ్‌గార్డు వేసుకున్నానన్నావు కదా, పాత బ్రాకెట్టు తీసేసి ఏం పెట్టావో చూసుకో.

కొత్త సీలు ఎక్కించేటప్పుడు పైపు కొస మీద పాల ప్యాకెట్ కవరు తొడిగి, దానికి ఫోర్కు ఆయిల్ రాసి జార్చు. కొస అంచు సీలు పెదవిని కోయదు. సన్న స్ప్రింగు ఉన్న వైపు కిందికి, ఆయిల్ వైపు ఉండాలి. బాటమ్‌ను బాగా కాగిన నీళ్ళలో అయిదు నిమిషాలు ముంచి తుడిచి, పాత సీలును పైన పెట్టి పీవీసీ పైపుతో నిటారుగా దించు. లాకు కూర్చునే గాడి చుట్టూ పూర్తిగా కనపడాలి. సీలు కొలత కొట్టులో బండి పేరు చెప్పి అడక్కు, పాత సీలు మీద అచ్చువేసిన మూడు అంకెలు చదివి అడుగు: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, ఎత్తు.

డీటీ_పాతకాపు
ఇక స్ప్రింగు. 110 ప్రయాణంలో 52 అంటే 47 శాతం మీరు ఎక్కి కూర్చోవడానికే అయిపోయింది. మట్టి బండికి మూడో వంతు, అంటే 36 దగ్గర ఉండాలి. బండి ఒంటరిగా కుంగేది 10 నుంచి 15.

స్ప్రింగు బలం తెలుసుకునే లెక్క ఇది: ఉక్కు మెలి గుణకం 79,000ను తీగ మందం నాలుగో ఘాతంతో గుణించి, సగటు వ్యాసం ఘనం, చుట్ల సంఖ్య, 8, ఈ మూడింటి లబ్ధంతో భాగించాలి. మీ అంకెలకు సగటు వ్యాసం 19.6. జవాబు మి.మీ.కు 5.7 న్యూటన్లు, అంటే 0.58 కిలో. రెండు కాళ్ళకూ 1.16. అయితే తీగ మందం నాలుగో ఘాతంలో ఉంది కాబట్టి వెర్నియర్ 0.1 తప్పు చదివితే జవాబు పదకొండు శాతం తప్పుతుంది. నమ్మకం కావాలంటే డ్రిల్లింగ్ మిషన్ బల్ల మీద కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా పెట్టి, స్ప్రింగు నిలబెట్టి, చక్‌లో గుండ్రటి ముక్క బిగించి 20 మి.మీ. నొక్కండి. కాటా 11.6 కిలోలు చూపితే లెక్క సరి. స్ప్రింగు పక్కకు వంగకుండా లోపల కడ్డీ ఒకటి పెట్టుకోవాలి, అది కాటాకు ఆనకుండా పొట్టిగా ఉండాలి.

ఇప్పుడు రెండు దార్లు. ఉత్త స్పేసరు వేసి ప్రీలోడు 10 నుంచి 26కు పెంచితే మీరెక్కినప్పుడు 36 వస్తుంది, కానీ బండి ఒంటరిగా 8 మాత్రమే కుంగుతుంది. గుంట దాటేటప్పుడు చక్రం కిందికి జారి నేలను వెతుక్కోవడానికి చోటు తక్కువవుతుంది. ప్రీలోడు స్ప్రింగును గట్టిపరచదు, బండిని పైకి లేపుతుందంతే. పూర్తిగా దిగినప్పుడు స్ప్రింగుల ఒత్తిడి ఇప్పుడు 139 కిలోలు, అప్పుడు 158.

రెండోది చుట్లు కోయడం. 48లో 5 కోస్తే 43. బలం 0.65కు పెరుగుతుంది, జతకు 1.30. ప్రీలోడు 19 నుంచి 20 పెడితే మీరెక్కితే 36, బండికి 11. పూర్తిగా దిగినప్పుడు 168 కిలోలు. మీకు ఇదే సరైన దారి. మీ స్నేహితుడు రెండు చుట్లన్నది తప్పేం కాదుగానీ దాంతో వచ్చేది నాలుగు శాతమే.

కోసే ముందు చుట్లు ఒకదానికొకటి ఆనిపోతాయేమో చూసుకోవాలి. చుట్టు చుట్టుకూ దూరం సుమారు 8, అందులో తీగ 3.8 పోతే ఖాళీ 4 పైచిలుకు. 43 చుట్లకు 175 మి.మీ. దాకా నొక్కుకోగలదు. మనకు కావలసింది 110 ప్రయాణం, 20 ప్రీలోడు, మొత్తం 130. ఇబ్బంది లేదు.

అయిదు చుట్లు పోతే పొడవు 40 తగ్గుతుంది, ప్రీలోడు కోసం ఇంకో 10. కాబట్టి వాషరుతో కలిపి స్పేసరు 50 మి.మీ. పీవీసీ పైపు ముక్క చాలు, బయటి వ్యాసం 23 దాటకుండా, రెండు కొసలూ లేత్ మీద చదును చేయించి, స్ప్రింగుకూ స్పేసరుకూ మధ్య 3 మి.మీ. ఉక్కు వాషరు. వాషరు లేకపోతే తెగిన తీగ కొస పీవీసీని కొరుక్కుతినేస్తుంది, ఆ పొడి ఆయిల్‌లో కలుస్తుంది. కోసిన కొసను పై వైపు పెట్టండి.

లేత్_బాబాయ్
గ్యాస్ మంటతో కోయొద్దు. పలచటి కటింగ్ చక్రంతో, మధ్యమధ్య నీళ్ళు పోస్తూ కోయాలి. తీగ నీలిరంగు తిరిగిందంటే ఆ చుట్టు పదును పోయినట్టే. మంట పెట్టి చివరి చుట్టు వంచి మూసే అలవాటు మన వాళ్ళకుంది. మూయాల్సిందేనంటే మిగతా స్ప్రింగుకు తడి గోనె చుట్టి ఒక్క కొస మాత్రమే వేడి చేయాలి. నన్నడిగితే వంచకుండా గ్రైండర్‌తో కొస చదును చేసి వాషరు పెట్టడమే నయం. రెండు స్ప్రింగులూ ఒకే పొడవు రావాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

డీటీ_పాతకాపు
ఆయిల్ విషయం. "గ్లాసుడు పోయండి" అనే పద్ధతి వదిలేయండి. పైపు, బాటమ్ బిగించాక స్ప్రింగు లేకుండా, ఆయిల్ పోసి, పైపును ఇరవైసార్లు మెల్లగా పైకీ కిందికీ ఆడించండి. గాలి బుడగలు బయటికి రావాలి. పది నిమిషాలు నిలువుగా వదిలేసి, ఫోర్కును పూర్తిగా దించి, పైపు పై అంచు నుంచి ఆయిల్ దాకా లోతు కొలవండి. 150 మి.మీ.తో మొదలుపెట్టండి. మట్టం సరిచేయడానికి సిరంజికి సెలైన్ గొట్టం తగిలించి, 150 దగ్గర గొట్టానికి టేపు గుర్తు పెట్టి, లోపలికి దింపి లాగేయండి. ఎక్కువున్నది వచ్చేస్తుంది, సరిగ్గా 150 దగ్గర గాలి లాగుతుంది. మీ పైపులో 10 మి.మీ. అంటే నాలుగున్నర మి.లీ. కాబట్టి కళ్ళతో చూసి పోసేవాడికి రెండు కాళ్ళూ ఎప్పటికీ సమానం కావు.

పైన మిగిలిన గాలి కూడా స్ప్రింగే. మొదటి సగం ప్రయాణంలో దాని ఉనికే తెలీదు, చివరి మూడో వంతులో గట్టిగా అడ్డుకుంటుంది. ఇంకా అడుగు కొడితే పదేసి మి.మీ. చొప్పున మట్టం పెంచండి: 140, 130. 100 కంటే పైకి తేవద్దు. గాలికి చోటు లేకపోతే ఒత్తిడి సీలు మీద పడుతుంది, అప్పుడు మళ్ళీ బాబాయ్ దగ్గరికి.

ఆయిల్ 10డబ్ల్యూ చాలు. దొరక్కపోతే కార్ల పవర్ స్టీరింగుకు వాడే ఏటీఎఫ్ ఆయిల్ దాదాపు అదే చిక్కదనం. డబ్బా మీది 10, 15 అంకెలు ఒక కంపెనీవి ఇంకో కంపెనీతో కలవవు, ఒకరి 10 ఇంకొకరి 15తో సమానం కావచ్చు. వెనక సన్నటి అక్షరాల్లో 40 డిగ్రీల సెంటీస్టోకులు రాసుంటే దాన్నే నమ్మండి. ఒకే కంపెనీ 10, 20 చెరి సగం కలిపితే మధ్యలోది వస్తుంది.

మూతలు బిగించేటప్పుడు ముందు చక్రం గాల్లో ఉండాలి. ఎండాకాలంలో మధ్యాహ్నం 44 డిగ్రీల్లో లోపలి గాలి ఉబ్బుతుంది, అందుకని నెలకోసారి చక్రం ఎత్తి మూత వదులు చేసి మళ్ళీ బిగించండి. మూత మీద గాలి వాల్వు ఉన్న ఫోర్కులకు ఈ తిప్పలుండవు.

మిరపచేను_రైడర్
గుంటూరు వైపు నుంచి ఒక మాట. తుప్పు గుంటలు వెనక వైపే ఎందుకొచ్చాయని ఆలోచించారా? ఫోర్కు పైపులకు రబ్బరు బూట్లు (ముడతల తొడుగులు) వేసుంటే వాటి చిల్లులు ఎటున్నాయో చూడండి. చిల్లు వెనక్కి, కిందికి ఉండాలి. ముందుకు తిప్పి బిగిస్తే చక్రం చిమ్మిన నీళ్ళు లోపలికెళ్ళి బయటికి రావు, పైపు తడిగుడ్డలో చుట్టినట్టు ఉంటుంది. చిల్లే లేని బూటు ఇంకా దారుణం. గాలి పోలేక ఫోర్కు దిగినప్పుడల్లా ఉబ్బుతుంది, లేచేటప్పుడు మెడ దగ్గర సందుల్లోంచి దుమ్ము పీల్చుకుంటుంది.

నల్లరేగడిలో తిరిగొచ్చాక బూటు పైకి జరిపి తడిగుడ్డతో తుడవండి, ఆరాక కాదు. ఆరిన రేగడి పైపు మీద పెంకులా బిగుసుకుని డస్ట్ కవరును గీకేస్తుంది. ఏటి ఇసుకది వేరే సంగతి. అది అంటుకోదుగానీ ఒక్క రేణువు సీలు పెదవి కిందికి పోతే సీలు బాగున్నా కారుతుంది. అప్పుడు విప్పకండి. పాత కెమెరా రీలు ముక్క, లేదా అంత పలచటి ప్లాస్టిక్కు, కొక్కెంలా కోసి డస్ట్ కవరు ఎత్తి సీలుకూ పైపుకూ మధ్య దూర్చి చుట్టూ తిప్పి లాగండి. మూడొంతులు అక్కడే ఆగిపోతుంది.

కొండపల్లి_టూస్ట్రోకు
మొత్తం అయింది. పైపులు నిటారుగానే ఉన్నాయి, ముల్లు 0.1 దాటలేదు. టీ కాస్త మెలి తిరిగుంది, సరిచేశాం. అసలు దొంగ మాత్రం బాబాయ్ చెప్పిన మడ్‌గార్డు బ్రాకెట్టే. నేను వేసిన పట్టీ 4 మి.మీ. పొట్టి. రెండు బాటమ్‌లనూ లోపలికి లాగేసింది. పట్టీ మార్చాక నొక్కు-లాగు తేడా 22 నుంచి 9కి పడింది. గుంటలకు ఎపాక్సీ, కొత్త సీళ్ళు, 5 చుట్లు కోత, 50 స్పేసరు, 10డబ్ల్యూ 150 దగ్గర. శాగ్ నేనెక్కితే 38, బండికి 12. బూటు చిల్లులు రెండూ ముందుకే ఉన్నాయి, తిప్పాను.

గుట్ట బాటలో వరస గతుకులకు అడుగు కొట్టడం పోయింది. ఒక్క పెద్ద దిగుడు దగ్గర కొట్టింది, 135కి తెచ్చాక అదీ లేదు. మిగిలిందల్లా పిడికిలంత రాయి అంచు వేగంగా తగిలితే ఇంకా చేతుల్లోకి దెబ్బ వస్తోంది.

డీటీ_పాతకాపు
38, 12 చాలా బాగున్నాయి, వాటిని కదపకండి. ఇప్పుడు మిగిలింది మొదట చెప్పిన వేగం వర్గం గొడవ. ముందు టైరు గాలి చూడండి. రోడ్డు ఒత్తిడితో గుబ్బల టైరు తిప్పుతూ ఫోర్కును తిట్టేవాళ్ళు చాలామంది. తర్వాత ఫోర్కును గట్టిగా నొక్కి వదలండి. ఒక్కసారి లేచి ఆగితే లేచే అడ్డు సరిగ్గా ఉంది. లేచి మళ్ళీ కాస్త కుంగితే ఆయిల్ పలచన. పాకుతున్నట్టు లేస్తే చిక్కన.

లేవడం సరిగ్గా ఉండి, దిగేటప్పుడే దెబ్బ తగులుతుంటే ఆయిల్ పలచన చేయకండి, లేవడం కూడా పాడవుతుంది. అప్పుడు డంపర్ రాడ్డు కింది చిల్లులు పెంచాలి. 5 మి.మీ. చిల్లును 6 చేస్తే వైశాల్యం 44 శాతం పెరుగుతుంది, అదే వేగానికి అడ్డు సగానికి పడిపోతుంది. కాబట్టి ఒకేసారి 6 కాదు, 5.5తో మొదలు. పై సన్న చిల్లుల జోలికి అస్సలు పోవద్దు. డ్రిల్ చేశాక లోపలి అంచు గరుకును గుండ్రటి ఆకురాయితో తీసేయాలి, లేకపోతే ఆ పొట్టు మీ కొత్త సీళ్ళ పని పడుతుంది. విదేశీ పాత బళ్ళకైతే ఈ పనికే రేస్ టెక్ ఎమ్యులేటర్లు దొరుకుతాయి. చిల్లులు బాగా పెద్దవి చేసి, స్ప్రింగు కింద చిన్న కవాటం కూర్చోబెట్టే పద్ధతి. లోపలి వ్యాసం 24 మి.మీ. పైపున్న ఆర్‌ఎక్స్‌కు అంత ఖర్చు దండగ.

లేత్_బాబాయ్
చిల్లులు పెంచే ముందు సెకండ్ హ్యాండ్ డంపర్ రాడ్లు ఒక జత కొని వాటి మీద చెయ్యి. కోసిన స్ప్రింగుకు స్పేసరుందిగానీ పెంచిన చిల్లుకు ఏముంది?

కొండపల్లి_టూస్ట్రోకు
టైరులో 28 పీఎస్ఐ ఉంది బాబాయ్. 16కి దించి వెళ్ళొచ్చాను. రాడ్లు ఇప్పుడే కొనను.